ఏ ప్యాకేజీదీ కాని గంట

చేపలు నిల్వచేసే గిడ్డంగిలో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. చదివింది తక్కువ. అయినా వేళకి వెళ్ళాను, వేళకి తిన్నాను, ఒకరి దగ్గర మాట పడకుండా పనిచేశాను. ఒక్క రోజు తప్ప. ఆ రోజు గురించే చెబుతున్నాను.

మా గిడ్డంగిలో అన్నిటికన్నా చల్లనిది నాలుగో గది. జానెడు మందం తలుపు. లోపలి పిడి తరచూ మంచు పట్టి బిగుసుకుపోయేది. అందుకని లోపల గోడకి ఒక బటన్ పెట్టారు. నొక్కితే నా గదిలో గంట మోగుతుంది. నేను వెళ్ళి బయటినుంచి తీయాలి. ఆ బటన్ నొక్కితే కంప్యూటర్‌కి తెలిసేలా చిన్న మాడ్యూల్, అంటే ప్రోగ్రామ్ ముక్క, రాసినవాడు మా బావమరిది. నా భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు, నా కిందే పనిచేసేవాడు. తెలివైనవాడు. తెలివి వెంట రావలసిన క్రమశిక్షణ మాత్రం రాలేదు.

తన మాడ్యూల్‌ని విడిగా తన ఫోల్డర్‌లో పెట్టుకోవాలి కదా. తీసుకెళ్ళి సిస్టమ్ తన ప్యాకేజీలు, అంటే తనతో వచ్చే ప్రోగ్రాముల కట్టలు, పెట్టుకునే చోట పడేశాడు. పేరైనా కొత్తది పెట్టలేదు, సిస్టమ్ వాడుకునే పేరే పెట్టాడు.

"ఒకరి ఇంట్లో నీ మంచం వేశావురా," అన్నాను. "రేపు ఇంటివాడు వస్తే?"

"వస్తే సర్దుకుంటాడు బావా. పదేళ్ళుగా మా ఇంట్లో నీ మంచం ఉంది. మేము సర్దుకోలేదూ?"

పక్కన ఇద్దరు పనివాళ్ళు నవ్వారు. నేను ఇల్లరికపు అల్లుణ్ణి. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు సిస్టమ్‌కి అప్‌డేట్ వచ్చింది. సగంలో ఆగింది. ఈ పేరుతో ఇక్కడ ముందే ఒక ఫైలు ఉంది, అది ఏ ప్యాకేజీదీ కాదు, దానిమీద రాయను అంది. అలాంటప్పుడు ఏం చేయాలో నాకు తెలుసు. చేత్తో పెట్టినదాన్ని పక్కకి మార్చి, గంట మోగుతోందో లేదో చూసుకుని, అప్పుడు ముందుకు పోవాలి. అరగంట పని. నేను బలవంతంగా రాయమని ఆదేశం ఇచ్చాను. వాడి మాడ్యూల్ పోయింది. దాని చోట కూర్చున్న కొత్తదానికి మా బటన్ ఊసే తెలియదు.

వాడికి చెప్పలేదు. గంట పలకడం లేదని తెలిస్తే వాడే వస్తాడు, నా ముందు చేతులు నలుపుకుంటూ నిలబడతాడు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే వాడు నాలుగో గదిలోకి వెళ్ళాడు. నేను వేళకి భోంచేశాను. తలుపు తీసేసరికి వాడు లోపలికి వెళ్ళి మూడు గంటలు దాటింది. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే మోసుకురావలసి వచ్చింది.

విచారణలో, "మాడ్యూల్ వాడిదే. అక్కడ పెట్టొద్దని చెప్పాను," అన్నాను. ప్రతి ముక్కా నిజమే. నా భార్య, "అయితే వాడి తెలివే వాణ్ణి తినేసిందన్నమాట," అంది. నేను కాదనలేదు.

ఆ గదిలో సరుకు పెట్టడం మానేశారు. చలి యంత్రం మాత్రం నడుస్తూనే ఉంది.

మూడు వారాలకి గంట మోగింది. వెళ్ళి తలుపు తీశాను. ఎవరూ లేరు. పాత నీచు వాసన, పొగలా చలి. తిరిగొచ్చి కంప్యూటర్‌లో చూస్తే, వాడి మాడ్యూల్ మళ్ళీ అక్కడే ఉంది. ఇది ఎవరిదని సిస్టమ్‌ని అడిగాను. ఏ ప్యాకేజీదీ కాదు అంది. తీసేశాను. మర్నాడు మళ్ళీ ఉంది. మళ్ళీ మోగింది. మళ్ళీ తీసేశాను. వారం రోజులు ఇదే వరస. ఆఖరికి గంట తీగనే కోసిపారేశాను.

ఆ మధ్యాహ్నం, తీగ లేని గంట మోగింది.

నేను లేవలేదు. భయానికి ఒకసారి లొంగినవాడు ఇక దేనికీ పనికిరాడు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. గంట తొందరపడింది... ఊపిరాడనట్టు మోగింది... తర్వాత మెల్లబడింది. ఎడం పెరిగింది. అలిసిపోయినట్టు...

ఆగిపోయింది.

నలభై నిమిషాలైందేమో, కాపలాదారు నా గది తలుపు తోశాడు.

"అమ్మగారు వెళ్ళిపోయారా సార్? తమ్ముడు పోయిన చోటు చూస్తానంటే, నాలుగో గది చూపించాను."

ఎలా పరుగెత్తానో తెలియదు. తలుపు లాగాను.

గుమ్మంలోనే నిలబడి ఉంది. వణకడం లేదు. ఒంటిమీద వాడి దళసరి కోటు. ఆ కోటుని శవంతోపాటే పంపేశాం.

"గంట విన్నారా?" గుసగుసగా అడిగింది.

"లేదు."

"మొదటినుంచీ వింటూనే ఉన్నారట. వాడు చెప్పాడు."

"ఎవరు..."

"అప్‌డేట్ సంగతీ చెప్పాడు. పాపం, కోపం కూడా లేదు వాడికి." ఒక్కొక్క గుండీ తీసి, కోటు విప్పింది. "బావకి చలేస్తుంది, ఇచ్చెయ్యక్కా అన్నాడు."

నా భుజాల మీద కప్పింది. నీళ్ళలో నానినంత బరువు. వద్దనబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, బడికి వెళ్ళే పిల్లాడికి తొడిగినట్టు, ఓపిగ్గా కోటు చేతిలోకి దూర్చింది.

నా చెయ్యి సగందాకా వెళ్ళి ఆగిపోయింది.

లోపల ఇంకొక చెయ్యి ఉంది.

అది నా అరచేతిని తడిమింది. గోడని తడిమినట్టు, మెల్లగా, వెతుక్కుంటూ... సరిగ్గా మధ్యలో బొటనవేలు ఆనించింది.

నొక్కడం మొదలుపెట్టింది.