లిఖిత రాసిన సున్నా

కోడూరులో ఎండుచేపల వ్యాపారి వేషంలో మూడేళ్ళు నిఘా వేసిన ఏజెంట్ నరసయ్య పోయాడు. తూటా లేదు, కత్తిపోటు లేదు. జుట్టు కుచ్చులుగా ఊడి, కాళ్ళు మండుతున్నాయని అరిచి అరిచి చచ్చాడు. అతనితో పాటు అదే కూడు తిన్న భార్య చిలకమ్మ బందరు ఆస్పత్రిలో కొనఊపిరితో ఉంది.

“థాలియం విషం,” అన్నాడు చీఫ్ గంగాధరరావు. “విదేశీ ముఠా ఉప్పులో కలిపింది. గుడివాడ గోడౌన్ నుంచి ఒంటిగంటకు హాస్టళ్ళకు పది లారీలు. కానీ ల్యాబ్ రిపోర్టు సున్నా అంటోంది. సున్నా ఉండగా లారీలు మనం ఆపలేం, డాక్టర్లు విరుగుడూ ఇవ్వరు. డ్రైవర్లు ముఠా కోడ్‌వర్డ్‌కే ఆగుతారు.”

“రిపోర్టు ఎవరిది సార్?” అడిగాడు ఏజెంట్ వీరేంద్ర.

“గుడివాడ ల్యాబ్‌లో పరీక్షలు చేసే లిఖితది. మన ఇన్‌ఫార్మరే.”

వీరేంద్ర లుంగీ కట్టి, కృత్తివెన్ను రొయ్యల వ్యాపారిగా గుడివాడ ల్యాబ్‌లో దిగాడు. యాసిడ్ కంపులోనూ సెంటు గుబాళిస్తోంది లిఖిత. అబ్బో, ఏం నవ్వు! అతనిచ్చిన ఉప్పు సీసా తీసుకుని గంటలో రిపోర్టు చేతిలో పెట్టింది. థాలియం: సున్నా.

ఆ సీసాలో థాలియం కలిపింది డిపార్ట్‌మెంట్ కెమిస్టే. తూకం వేసి మరీ కలిపాడు. నంగనాచి! కనీసం మెషీన్ కూడా ఆన్ చేయలేదన్నమాట. నరసయ్య కేకలు గుర్తొచ్చి వీరేంద్రకు ఒళ్ళు మండింది.

“భోంచేద్దాం రండి మేడమ్. మా ఇంటావిడ రొయ్యల ఇగురు పంపింది.”

లొట్టలేసుకుంటూ తింది. చివర పెరుగన్నంలో వీరేంద్ర పొట్లం విప్పి చిటికెడు ఉప్పు చల్లాడు. నాలుగు ముద్దలు లోపలికి వెళ్ళాక అడిగాడు.

“ఉప్పు సరిపోయిందా అండీ?”

“ఆఁ, బాగుంది. ఏం ఉప్పు?”

“ఇందాక మీరు సున్నా రాసిన సీసాలోది.”

ముద్ద జారిపోయింది. ఎంగిలి చేత్తోనే హ్యాండ్‌బ్యాగ్ లాగి నీలం క్యాప్సూల్స్ షీటు తీసింది. థాలియానికి విరుగుడు. వీరేంద్ర చటుక్కున లాక్కున్నాడు.

“సున్నాకి మందెందుకు మేడమ్? లారీలు ఆపే కోడ్‌వర్డ్ చెప్పండి.”

“ఇవ్వండి, ప్లీజ్! చచ్చిపోతాను!”

“కోడ్‌వర్డ్.”

“‘చుట్టాలు రావట్లేదు.’ డ్రైవర్లకి ఫోన్‌లో అంతే చెప్పాలి.”

పన్నెండూ యాభై తొమ్మిదికి గోడౌన్ గేటు దగ్గర పది ఇంజన్లూ ఆగాయి. క్యాప్సూల్స్‌తో బైకు బందరుకు దూసుకెళ్ళింది. ఒంటిగంటంబావుకే ఫోన్. చిలకమ్మ పోయింది.

వీరేంద్ర జీపును విజయవాడ దారి పట్టించాడు. జీపులో బేడీలతో లిఖిత వెక్కుతోంది.

“ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదండీ,” అంటూ బాటిల్ అందించాడు.

“నాకు మందిప్పించండి, దండం పెడతాను!”

పొట్లంలోది బజార్లో కొన్న మామూలు ఉప్పే. విజయవాడ చేరడానికి ఇంకా గంటన్నర పడుతుంది. ఆ మాట అక్కడ చెబితే చాలనుకున్నాడు.

“మీకెందుకండీ మందు? మీ రిపోర్టు సున్నా కదా.”