సైరా లెక్కలో అవే ఆరు అంకెలు

ఏళ్ళుగా నాకో సందేహం. అంకెలను మనిషే తయారు చేసుకున్నాడా, దేవుడు ముందే పెట్టి ఉంచాడా? పూజలో దీపం వెలిగిస్తున్నప్పుడు కూడా ఇది గుర్తొస్తుంది. నేను చదివింది పదో తరగతి వరకే.

ఆ రోజు మధ్యాహ్నం మా ప్రజ్ఞ స్కూల్ బస్ దిగి వచ్చి, బ్యాగ్ సోఫాలో పడేసింది. ఆరో తరగతి. క్లాస్ లీడర్ కూడా, అందరి హోంవర్క్ కాగితాలూ పోగు చేసేది అదే.

"అమ్మా, సైరా దొరికిపోయింది," అంది.

సైరా వాళ్ళది కడప. ఇక్కడ గల్ఫ్‌లో, హవల్లీలో మా ఎదురు ఫ్లాటే. ఇద్దరూ ఒకే క్లాసు.

"ఏం చేసింది?"

"హోంవర్క్‌లో దొంగ లెక్కలు. చూడు."

కాగితం చూపించింది. 142857ని రెండు నుంచి ఆరు దాకా వరుసగా గుణించాలి. సైరా రాసిన జవాబులు: 285714, 428571, 571428, 714285, 857142.

"అన్నిట్లో అవే ఆరు అంకెలు. ముందువి వెనక్కి తిప్పి రాసేసింది. బస్‌లో అందరికీ చూపించాను. ఇప్పుడు దాన్ని జిరాక్స్ అంటున్నారు. రేపు మిస్‌కి ఇస్తాను."

"సైరా ఏమంది?"

"గుణించే రాసినా అంది. ఏడ్చింది. ఇక నా పక్కన కూర్చోదట."

నా మనసు చివుక్కుమంది. "నువ్వు గుణించి చూశావా?"

"అక్కర్లేదమ్మా. లెక్కలు అలా రావు."

"ఎందుకు రావో నాకు తెలీదు. ఒక్కటి చేసి చూపించు."

విసుక్కుంటూ రెండుతో గుణించింది. 285714. పెన్సిల్ ఆగిపోయింది. మూడుతో చేసింది. 428571. నా ఫోన్ లాక్కుని కాలిక్యులేటర్‌లో ఆరు దాకా కొట్టింది. అన్నీ సైరా రాసినవే.

దాని ముఖం పాలిపోయింది. "ఇదేం నంబరమ్మా?"

"ఏడుతో?" అన్నాను.

999999.

ఎవరు పెట్టారు వీటినిలా?

ప్రజ్ఞ ఫోన్ నాకిచ్చేసి, "అందరి ముందూ అన్నానమ్మా," అంది.

లేచి వంటింట్లోకి వెళ్ళింది. స్టీలు గిన్నె ఒకటి తెచ్చింది. పోయిన రంజాన్‌కి సైరా వాళ్ళమ్మ షీర్ ఖుర్మా పంపిన గిన్నె అది. ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, ఏదైనా చేసి పంపుదాం అనుకుంటూనే నెలలు గడిచాయి.

"రవ్వలడ్డూలు చేసి పెట్టమ్మా. రేపు బస్‌లో ఇస్తాను."

"ఎదురిల్లేగా. ఇప్పుడే ఇవ్వొచ్చుగా?"

"బస్‌లోనే అన్నాను కదా."

మర్నాడు బస్ రాగానే సైరా ముందు ఎక్కింది. "జిరాక్స్ వచ్చింది," అన్నారెవరో. సైరా కూర్చుని పక్క సీట్లో బ్యాగ్ పెట్టేసుకుంది.

ప్రజ్ఞ సీట్ల మధ్య నిలబడింది. నేను కింద కిటికీ దగ్గరే ఉన్నాను.

"సైరా లెక్కలన్నీ కరెక్టే. నేను గుణించకుండానే అన్నాను. సారీ, సైరా."

ప్రజ్ఞ కిటికీ వైపు వంగి, లోపల దుమ్ము పట్టిన అద్దం మీద వేలితో 142857 అని రాసింది. "నమ్మకపోతే మీరే చేయండి."

"యల్లా, త్వరగా కూర్చో," అన్నాడు డ్రైవర్.

ప్రజ్ఞ గిన్నె అందించింది. సైరా దాన్ని తిప్పి చూసింది. "ఇది మా గిన్నె. అమ్మ ఎన్నాళ్ళ నుంచో వెతుకుతా ఉంది." మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసింది.

"ఏడుతో చేసినావా?"

"చేశాను."

"భయమేసిందా?"

"చాలా."

సైరా గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పక్క సీట్లోంచి బ్యాగ్ తీసేసింది.