చేతి మీద చెయ్యి

ఆస్పత్రి ముందంతా అద్దాలే. లోపల ఐసీయూకు మాత్రం ఒక్క కిటికీ పెట్టాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. ఎండ మండిపోయే మధ్యాహ్నమైనా సరే, అక్కడ బల్బు ఆరితే చీకటే. బోధన్ రోడ్డు మీద చెరుకు లారీలు పోతుంటే గోడలు సన్నగా వణికేవి.

మంచం మీద గౌహర్. పాతికేళ్లు లేవు. నిమోనియా ఊపిరితిత్తులు రెండింటినీ తినేసింది. ఎక్మో మిషన్ ఆమె నల్లరక్తాన్ని బయటికి లాగి, ఆక్సిజన్ ఎక్కించి, ఎర్రగా తిరిగి పంపుతోంది. పంపు ఆగితే గౌహర్ లేదు. కరెంటు, బ్యాటరీ రెండూ పోతే పంపు పిడిని చేత్తో తిప్పాల్సిందే. దానికో కట్టడి ఉంది: మార్చుకునేవాళ్లు తిప్పేవాళ్ల చేతి మీద చెయ్యి వేసి "పట్టిన" అనాలి. అప్పుడే మొదటివాళ్లు వదలాలి.

కరెంటు పోయింది. జనరేటర్ రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. కాసేపటికి మిషన్ బ్యాటరీ కూడా చచ్చింది. వెలుగు చూపిద్దామంటే ఫోన్లన్నీ బయట పెట్టెలో. రూలు కదా!

డాక్టర్ స్నేహలత మంచం తలవైపు నిలబడింది. నర్సు శిరీష పిడి అందుకుంది. టెక్నీషియన్ జమీర్ మూలకు పోయి, తడుముకుంటూ ఆక్సిజన్ సిలిండర్ మారుస్తున్నాడు.

"అన్నా, రెక్కలు గుంజుతున్నయ్."

"దినమంత నోరు తిప్పుతవ్ గదా చెల్లె. గిప్పుడు గది తిప్పు. వస్తున్న."

పులిసిన చెరుకురసం వాసన వచ్చింది. ఆమె చేతి మీద ఓ చెయ్యి పడింది. చల్లగా... తడిగా...

"పట్టిన."

శిరీష వదిలేసింది. "బతికించినవ్ అన్నా."

"ఎవల్ని?" జమీర్ గొంతు. మూల నుంచే.

"మేడమ్... మీరా?"

"నా రెండు చేతులు గౌహర్ మెడకాడ గొట్టం మీదనే ఉన్నయ్," అంది డాక్టర్ స్నేహలత.

పిడి తిరుగుతూనే ఉంది. కిర్... కిర్...

"ముట్టకు," డాక్టర్ గుసగుసలాడింది. "తిరగనియ్యి."

కిర్...... కిర్......... నెమ్మదించింది.

"ఆగిపోతుంది మేడమ్. సావనియ్యాల్నా పిల్లను?"

శిరీష కళ్లు మూసుకుని ఆ చల్లటి చేతి మీద చెయ్యి వేసింది.

"పట్టిన."

కింది చెయ్యి వదల్లేదు.

ఆమె తిప్పబోయింది. కదల్లేదు. జమీర్ పరుగెత్తుకొచ్చి ఆమె చేతి మీద చెయ్యి వేసి బలమంతా పెట్టి లాగాడు. రాయి.

కరెంటు వచ్చేసరికి గౌహర్ లేదు.

డాక్టర్ ఆ పిల్ల మెడలోంచి గొట్టాలు తీసి, ముఖం మీద గుడ్డ కప్పింది. పిడి మీద శిరీష చెయ్యి మళ్లీ తిరుగుతోంది.

"అయిపోయింది. ఆపు శిరీషా."

"నేను తిప్పుతలేను మేడమ్..."

గొట్టాల చివరలు నేల మీద పడి ఉన్నాయి. వాటిలోంచి ఎర్రగా రక్తం బయటికి పారుతోంది.

నేల మీద ఒక్క చుక్క కూడా లేదు.