అంటుకుపోయిన ప్రాసెసర్

"సార్, నన్ను దొంగ అంటుండ్రు!" అని ఫోన్‌లో ఏడ్చినంత పని చేశాడు శ్రవణ్‌కుమార్. కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాడు. ఉప్పుగూడలో వైకుంఠం పెళ్లిపత్రికల దుకాణంలో పొద్దున్నుంచీ అతణ్ణి కూచోబెట్టి షట్టరు దించేశారు.

డిటెక్టివ్ భరద్వాజ్, అసిస్టెంటు రాగసుధ సైదాబాద్ నుంచి స్కూటరు మీద వచ్చారు. వాళ్లు లోపలికి దూరగానే షట్టరు మళ్లీ దిగింది. లోపల ఊపిరాడటం లేదు.

"గురువారం ఈ కంప్యూటర్ల గీయనే ఫ్యాన్ మార్చిండు," అన్నాడు వైకుంఠం. "ఇయ్యాల మిషన్ నడుస్తలేదు, పాకుతుంది. కొత్త ప్రాసెసర్ కొట్టేసి పాతది పెట్టిండు. ఐదింటి దాక చూస్త. గంతే, పోలీసులే."

"తెల్ల గ్రీజు పూసి, పైన హీట్‌సింక్ బిగించిన. గంతే సార్," అన్నాడు శ్రవణ్. "దొంగ అన్న పేరొస్తే ఈ బజార్ల నాకెవ్వరు మిషన్ ఇయ్యరు."

హీట్‌సింక్ అంటే ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మె. ప్రాసెసర్ నెత్తిన ఉండే నంబరు దాని కిందే దాగి ఉంది. అది కొన్నప్పుడు వచ్చిన పెట్టె మీది నంబరుతో కలిస్తే దొంగతనమే లేదు. తీరా చూస్తే దిమ్మె, ప్రాసెసర్ రెండూ అంటుకుపోయాయి.

"గుంజితే అదే వస్తది," అని వైకుంఠం చెయ్యి వేయబోయాడు.

"ఆగండి! గుంజితే అడుగున సూదుల్లాంటి కాళ్లు వంగిపోతాయి. ఆ నేరమూ ఇతని మీదే పడుతుంది," అన్నాడు భరద్వాజ్.

మిషన్ని పది నిమిషాలు నడిపించి, ఆపి, ప్లగ్గు పీకించాడు. క్లిప్పులు తీసి దిమ్మెను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పాడు. కదల్లేదు.

"గ్రీజయితే ఈ వేడికి జారాలే," అన్నాడు శ్రవణ్ అయోమయంగా.

బైండింగుకు వాడే నైలాన్ దారాన్ని సందులో దూర్చి, ఓపిగ్గా ఇటూ అటూ లాగుతూ, "ఇక్కడ జిగురు ఎవరు కాస్తారు?" అనడిగాడు భరద్వాజ్.

"నేనే. మైదల నీలం మైలుతుత్తం ఏస్త, పురుగు ముట్టది. ఇంకొకరి చెయ్యి పడనియ్య."

"నిన్న ఆయితారం గూడ ఒక్కడే దుకాణం తీసి కూసుండె," అంది కౌంటరు దగ్గర కూచున్న వైకుంఠం భార్య సుశీలమ్మ.

దిమ్మె వదిలింది. కాళ్లు ఒక్కటీ వంగలేదు. రాగసుధ ప్రాసెసర్ నంబరును పెట్టె మీదిదానితో పోల్చి చూసింది. భరద్వాజ్ షట్టరు ఎత్తించి, పక్క దుకాణాల వాళ్లను కూడా పిలిపించాడు.

"నంబరు కలిసింది. దొంగతనం జరగలేదు. కానీ మధ్యలో ఉండాల్సిన తెల్ల గ్రీజు లేదు. నీలం రంగు కొట్టే ఈ పెచ్చులున్నాయి. మైలుతుత్తం కలిపిన మైదా జిగురు. గ్రీజు వేడిని పైకి పంపిస్తుంది, ఇది ఆపేసింది. కాలిపోకుండా ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదించింది. జిగురు మీ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. నిన్న ఇక్కడున్నదీ మీరొక్కరే. అవునా, వైకుంఠం గారూ?"

వైకుంఠం తల దించుకున్నాడు. "ఫ్యాన్ గర్రుమంటే తీసి చూసిన. గ్రీజు జారుతుంది, అంటలేదనుకున్న. మన జిగురయితే గట్టిగ పడతదని పూసిన. మిషన్ ఆగమైనంక ఒప్పుకోనీకి సిగ్గయింది."

"పిలగాన్ని దొంగ అననీకి సిగ్గు గాలేదా?" అంది సుశీలమ్మ.

శ్రవణ్ పెచ్చులు తుడిచి, గ్రీజు పూసి, దిమ్మె బిగించాడు. మిషన్ చకచకా నడిచింది. వైకుంఠం అతని చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు.

"నాకు గాదు సేటూ. పొద్దుగాల గల్లి మొత్తం ఇనేటట్టు అరిచిండ్రు గద. గంత గట్టిగనే చెప్పుండ్రి."

వైకుంఠం మెట్ల మీద నిలబడి, "శ్రవణ్ దొంగ కాదు. తప్పు నాది," అన్నాడు.

"ఇనపడ్తలేదు," అంది వెనక నుంచి సుశీలమ్మ.