అల్లం తగిలిన కుకీ

ఉదయం ఏడున్నరకి స్వరుచి యంత్రం తల్లినీ కూతుర్నీ పేరు పెట్టి పిలిచింది. మాలినికి మిరియాల పొంగలి, ఎనిమిదేళ్ళ వకుళకి నేతి దోసె. మణికట్టు మీది నాడికడియం ఒంటి సంగతులన్నీ చదివి చెబుతుంది. ఆ పూట ఆ మనిషికి ఏది హితవో స్వరుచి అదే వండి పెడుతుంది. పాతికేళ్ళుగా కాకినాడలో ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించినవాళ్ళు లేరు. ఒకరింటికొకరు భోజనానికి వెళ్ళడమూ లేదు. పొరుగింటి యంత్రానికి మన పేరు తెలియదు కదా.

ఆ చివరి సంగతే మాలినిని తినేస్తోంది. ఈ నలభై అంతస్తుల భవనానికి వచ్చి మూడు నెలలైనా వకుళకి ఒక్క స్నేహమూ కుదరలేదు. అందుకే ఆ సాయంత్రానికి, మాలిని తెగించి, అదే అంతస్తులో ఉండే వకుళ ఈడు పిల్లలు ధరణినీ రఫీనీ పిలిచింది. చేత్తో కుకీలు చేసి పెడతానంది.

"వాళ్ళు తినకపోతేనో?" అంది వకుళ.

"మనమే తినేద్దాం."

"అది కాదమ్మా. మళ్ళీ రారేమోనని."

మాలిని లేచి పనిలో పడింది. అమ్మ నాటి ఓవెన్ దుమ్ము దులిపి వేడి పెట్టింది. వెన్నా బెల్లంపొడీ జబ్బలు లాగేదాకా గిలకొట్టింది. గుడ్డు కొట్టి పోసి, మైదా జల్లించి కలిపింది. వకుళ పక్కనే ఎగురుతూ గిన్నెలు అందించింది. ఒక దాంట్లో జీడిపప్పు, ఒక దాంట్లో ఎండుద్రాక్ష, తర్వాత చాక్లెట్ ముక్కలు, వేయించిన నువ్వులు, అల్లం మురబ్బా. జీడిపప్పు పడనివాళ్ళు ఎవరూ లేరని మాలిని ఆ పిల్లల తల్లుల్ని ముందే అడిగి తెలుసుకుంది. చిన్నప్పటి తర్వాత మాలినికి ఇంత హుషారు రావడం ఇదే. ఆ హుషారులో అయిదు గిన్నెలనీ పిండి మీద అయిదు వైపులా ఒంపేసి, చెంచాతో ముద్దలు తీసి పళ్ళెంలో పెట్టేసింది. అవన్నీ పిండిలో కలియబెట్టాలన్న సంగతి, ఇన్నేళ్ళూ ఆ పని యంత్రానిదే అయి, చేతులు ఏనాడో మరిచిపోయాయి.

కమ్మటి వాసన వసారా చివరిదాకా పాకింది. తీరా పళ్ళెం బయటికి తీస్తే ఒక కుకీలో అంతా చాక్లెట్, ఇంకో దాంట్లో అంతా అల్లం. మళ్ళీ చేద్దామంటే పిల్లలు గుమ్మంలోనే ఉన్నారు.

ముగ్గురు పిల్లలూ తలొకటి పట్టుకోగానే కడియాలు పసుపుపచ్చగా వెలిగాయి. ఎర్రగా వెలిగితే ప్రమాదం. పసుపంటే, ఇది నీ పేర వండింది కాదు, అంతే. రఫీ కొరికాడు. చాక్లెట్. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. ధరణికి అల్లం తగిలింది. ఆ పిల్ల నోట్లో ముక్కని అటూ ఇటూ తిప్పి, బలవంతాన మింగి, మొహం చిట్లించింది. పుట్టి బుద్ధెరిగాక ఒక రుచి నచ్చకపోవడం దానికి అదే మొదలు.

ఇంకేముంది, అంతా అయిపోయిందనుకుంది మాలిని.

"నాకు అల్లం ఇష్టమే. ఇలా ఇచ్చెయ్, నా ఎండుద్రాక్షది నువ్వు తీసుకో," అంది వకుళ.

ధరణి తను కొరికిన వైపు తుంచేసి మిగతాది ఇచ్చింది. తన చేతిలో పడ్డదాన్ని కొంచెం రుచి చూసి నవ్వింది.

"నాకూ దాంట్లో సగం," అన్నాడు రఫీ. ధరణి విరవబోతే లోపల మెత్తగా సాగిందే గాని తెగలేదు.

"పంటితో కొరుకు," అంది మాలిని.

"ఎంగిలవదాండీ?"

"కాకెంగిలి చెయ్యి. ఇదిగో, ఇలాగ." మాలిని ఆ పిల్ల గౌను అంచు కుకీ మీద కప్పి, గుడ్డ పైనించి కొరకమంది. సగం ధరణి చేతిలో, సగం గౌను మడతలో పడింది. ముగ్గురూ కాసేపు ఆ సగాన్ని వింతగా చూశారు.

ఆ తర్వాత వాళ్ళని పట్టడం ఎవరి తరమూ కాలేదు. నువ్వులదానికి చాక్లెట్‌ది, జీడిపప్పుదానికి రెండు సగాలు, బేరాలే బేరాలు. గౌన్లు, చొక్కాలు జిడ్డోడాయి. కడియాలు పసుపుపచ్చగా మిణుకుమంటూనే ఉన్నాయి, చూసినవాళ్ళు లేరు. మాలినికి సంతోషంతో ఏడుపొచ్చినంత పనయింది.

ఇంటికి బయల్దేరిన ధరణి లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

"ఆంటీ, మళ్ళీ ఎప్పుడు చేస్తారండీ?"

"ఆదివారం చేస్తానమ్మా. ఈసారి బాగా కలిపి చేస్తాలే."

"కలపకండి. నాకు అల్లందే రావాలి."

"అదేంటి, నీకు నచ్చలేదు కదా?"

"నచ్చలేదండి," అంది ధరణి, ఇంత చిన్న సంగతి పెద్దావిడకి తెలియదా అన్నట్టు చూస్తూ. "నచ్చింది వస్తే నేనే తినేస్తాను కదా. ఇంక వకుళకేమిస్తాను?"