సినిమా వాళ్ళకు చెప్పిన మాట

రాజమోహన్ చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. చేతుల మీద మడతలు కత్తిలా నిలబడేదాకా వదల్లేదు. ఆ తర్వాత అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకున్నాడు. మిలిటరీ నుంచి వచ్చేసి, ఆత్మకూరు బస్టాండు పక్కన మోటారు స్పేర్ పార్టుల కొట్టు నడుపుకునే మనిషి. గ్రీజు మరకలతోనే పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళొచ్చే మనిషి. వారం నుంచి ఇదే వరస. దోసెల గరిటె చేత్తో పట్టుకుని, వంటింటి గుమ్మంలోంచి సుకుమారి చూస్తూనే ఉంది.

"ఎక్కడికి?" అంది.

"కలిగిరికి. బోరు మోటారు కాలిపోయిందంట."

"మోటారు చూసేదానికి మీసం దిద్దుకోవాల్నా?"

రాజమోహన్ పళ్ళెం ముందుకు లాక్కున్నాడు. సగం దోసె తిని బండెక్కాడు.

వరండాలో చింతపండు గింజలు తీస్తున్న సుకుమారి తల్లి రామసుబ్బమ్మ, బండి సందు మలుపు తిరిగేదాకా ఆగింది. "మీ నాయన జన్మలో ఇస్త్రీ పెట్టె ముట్టుకోలేదే. నేను నిమ్మళంగా బతికినాను," అంది.

"నువ్వు ఊరుకోమ్మా."

ఊరుకోనివ్వకుండా పక్కింటి కామమ్మ వచ్చింది. నిన్న ఉదయగిరిలో చెల్లెలి ఇంటికి వెళ్ళి వచ్చిందట. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మీ ఆయన్ని కొండ కింద చూసినాను సుకుమారీ. సినిమా తీస్తా ఉండారు ఆడ. యుద్ధం సినిమా. జెస్సీ అని ఒక పిల్ల, ఆ పిల్లే డైరెక్టరంట. మీ ఆయన ఆ పిల్ల పక్కన కుర్చీ ఏసుకోని కూసోనుండాడు. ఏడస్తా ఉండాడమ్మా. ఆ పిల్ల వీపు నిమరతా ఉండాది."

సుకుమారి చేతిలోని గరిటె కింద పెట్టింది. వీపు నిమరడం కన్నా ముందు మాటే ఆమెకు ఎక్కువ కాలింది. ఏడ్చాడా? కన్నతండ్రి పోయిన రోజు కూడా పాడె కట్టే వెదుళ్ళు బాగున్నాయో లేదో చూసుకుంటూ తిరిగాడే తప్ప కన్ను తడి చేసుకోలేదు. తన ముందు ఇన్నేళ్ళలో ఒక్క చుక్క రాల్చనివాడు ఎవరి ముందో కూర్చుని ఏడ్చాడా?

పొయ్యి ఆపేసి చీర మార్చుకుంది. రామసుబ్బమ్మ అప్పటికే చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడి ఉంది.

ఉదయగిరి బస్సులో ఇద్దరికీ వెనక సీటు దొరికింది.

"నువ్వు నోరు తెరవొద్దమ్మా. నేను మాట్లాడతా," అంది సుకుమారి.

"తెరవను. చెయ్యి ఎత్తొచ్చా?"

"ఎత్తొద్దు."

"మరి నేనెందుకు వచ్చినట్టు?" అని రామసుబ్బమ్మ కిటికీ వైపు తిరిగింది.

బస్సు దిగి ఆటో ఎక్కారు. కొండ కింద, పాత కోటగోడ పక్కన పెద్ద గొడుగులు, కెమెరా, కుర్రాళ్ళ గుంపు. నేల మీద దూది పరిచి, పైన ఉప్పు చల్లి మంచు చేశారు. ఉదయగిరి ఎండలో మందపాటి కోట్లు తొడుక్కున్న కుర్రాళ్ళ ముఖాల మీద చెమట కారుతోంది. ఆ దూది మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు రాజమోహన్. పడుకున్న ఒక కుర్రాడి బూటును రెండు చేతులతో గుండెకు పట్టుకున్నాడు. ఎలా పట్టుకోవాలో నటించే పిల్లలకు చూపిస్తున్నాడు. చూపిస్తూ ఏడుస్తున్నాడు. జీన్స్ ప్యాంటు వేసుకున్న అమ్మాయి అతని భుజం మీద చెయ్యి వేసి ఉంది.

సుకుమారి దూది తొక్కుకుంటూ నేరుగా వాళ్ళ మధ్యకు నడిచింది.

"కలిగిరిలో మోటారు బాగైందా?"

రాజమోహన్ తలెత్తాడు. ముఖం తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"అక్కా, కొంచెం పక్కకు రండి, షాట్‌లో ఉండాం," అంది జెస్సీ.

"నువ్వు షాట్‌లో ఉండావు. నేను సంసారంలో ఉండాను. ముందు ఆ చెయ్యి తియ్యి."

జెస్సీ చెయ్యి తీసింది. ఆమెకు కోపం రాలేదు, విషయం అర్థమైంది. "మా పిల్లకాయలకి సిపాయి నడక, చొక్కా ఇస్త్రీ, మీసం కత్తిరింపు అన్నీ నేర్పించేదానికి సార్‌ని పిలిపించినాం అక్కా. సార్ పాల్ గారి గురించి చెప్పినాక కథే మారిపోయింది."

"పాల్ ఎవరు?"

జెస్సీ కళ్ళు పెద్దవయ్యాయి. "మీకు తెలీదా?"

ఆ రెండు మాటలు సుకుమారికి చెంపదెబ్బలా తగిలాయి. కింద పడుకున్న కుర్రాడు లేచి కూర్చున్నాడు. పేరు సాయి. పెట్టుడు మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. "మిలిటరీలో సార్ జతగాడు అక్కా. కలువాయి ఊరాయన. సార్ పక్కనే గుండు తగిలి చనిపోయినాడు. ఆయన పోయేటప్పుడు చెప్పేదానికి మేము పెద్ద డైలాగు రాసుకున్నాం. సార్ కొట్టేయించినాడు. చచ్చిపోయేవాడు అట్ట మాట్లాడడు, కాళ్ళు మండతా ఉండాయి బూట్లు విప్పరా అంటాడు, అన్నాడు."

మీసాలు అతికించుకునే పిల్లలకు తెలుసు. నిన్న మొన్న పరిచయమైన ఈ జెస్సీకి తెలుసు. గొడుగు పట్టుకున్నవాడికీ, టీ ఇచ్చేవాడికీ తెలుసు. ఇరవై ఏళ్ళు పక్కన పడుకున్న తనకు మాత్రం ఆ పేరు కూడా తెలియదు. వేరే ఆడదాన్ని పట్టుకుందామని వచ్చిన సుకుమారికి, పట్టుకోవడానికి ఆడది లేకుండా పోయింది. ఉన్నది చచ్చిపోయిన మనిషి. అతని మీద అంత అసూయ పుడుతుందని ఆమె అనుకోలేదు.

"వీళ్ళకు చెప్పినావు. నాకెందుకు చెప్పలేదయ్యా? నేనేం పరాయిదాన్నా?" అంది సుకుమారి.

రాజమోహన్ ఆమె వెనక నిలబడ్డ రామసుబ్బమ్మ వైపు చూశాడు. "చెప్పబోయినాను. మేఘన నీ కడుపులో ఉన్నప్పుడు. మిలిటరీలో నా పక్కనే ఒకడు... అని మొదలుపెట్టినాను. అంతలోకే అత్త వచ్చింది. నన్ను దొడ్లోకి పిలిచి, కడుపుతో ఉన్న నా బిడ్డ ముందర చావు మాటలు ఎత్తొద్దు, నా మీద ఒట్టు అనింది. సరే అన్నాను."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? ఒట్టు ఎవరూ తియ్యలేదు కదా. ఉదయగిరి అంటే ఎందుకని అడుగుతావు. అడిగితే చెప్పాలి. అందుకే కలిగిరి అన్నాను."

రామసుబ్బమ్మ నోరు తెరిచింది. ఈసారి కూతురు ఆపలేదు.

"ఓరి పిచ్చి నాయనా, అది తొమ్మిది నెలలకేరా. పిల్ల పుట్టి కాలేజీకి పోతా ఉండాది."

"నీ మీద వేసిన ఒట్టు అత్తా. నేను తప్పితే నీకేమన్నా అయితే?"

 తన ప్రాణం కోసం ఒక మనిషి ఇన్నేళ్ళు గొంతు నొక్కుకున్నాడని అప్పుడు తెలిసింది ముసలామెకు. తనైతే పిల్ల పుట్టగానే ఆ ఒట్టు సంగతే మరిచిపోయింది. పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుని, అల్లుడి తల మీద చెయ్యి పెట్టింది. "ఒట్టు తీసి గట్టున పెట్టినాను. చెప్పు నాయనా. దానికంతా చెప్పు."

ఎవరో కెమెరా సర్దుతున్న చప్పుడైంది. సుకుమారి అటు తిరిగింది.

"అది ఆపమ్మా జెస్సీ. మీకు చెప్పింది చాలు. ఇది నాది."

జెస్సీ తల ఊపి అందరినీ చెట్టు కిందికి తీసుకెళ్ళింది. రామసుబ్బమ్మ కూడా వాళ్ళ వెనకే వెళ్ళింది. సుకుమారి ఆ దూది మీదే మొగుడి ఎదురుగా కూర్చుంది.

రాజమోహన్ చెప్పాడు. కొండ చరియ, మంచు, ఒకే పళ్ళెంలో తిన్న రొట్టెలు, పాల్ వాళ్ళమ్మ పంపిన రొయ్యపొడి. వాళ్ళను కాల్చిన అవతలి పిల్లకాయలకూ మీసాలు సరిగ్గా రాలేదని, తెల్లారి చూస్తే తెలిసిందని చెప్పాడు. బూటు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"ఒకటి విప్పేసరికే పోయినాడని వీళ్ళకు చెప్పినాను. అది నిజమే. ఒకటి మాత్రం చెప్పలేదు. వాడు పోయినాక రెండోది విప్పుతా కూసున్నాను. తాళ్ళు గడ్డకట్టినాయి. కోసేస్తే ఊడొచ్చేది, కత్తి ఉండాది నా దగ్గర. కొయ్యలేదు. అది కూడా విప్పేస్తే ఇంక వాడికి నేను చేసే పనేమీ ఉండదు కదా. మనవాళ్ళు వచ్చి నన్ను లాగిందాకా ఆ ముడి పట్టుకోనే ఉన్నాను."

సుకుమారి అతని చేతులు తన ఒడిలోకి తీసుకుంది. గ్రీజు ఎక్కిన గోళ్ళను, మొద్దుబారిన వేలికొసలను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"అంత మంచులో, అంతసేపు... నీ చేతులు నొప్పి పుట్టలేదా అయ్యా?"

వారం రోజుల్లో ఇంతమంది ఇన్ని అడిగారు. అందరూ పాల్ గురించే అడిగారు. రాజమోహన్ ముందుకు వంగాడు. ఆమె ఒడిలో తల పెట్టుకుని, కొండ కింద అంతమంది చూస్తుండగా, పసివాడిలా ఏడ్చాడు.

"నొప్పి పుట్టినాయి," అన్నాడు తల ఎత్తకుండానే. "శానా నొప్పి పుట్టినాయి సుకుమారీ."