ఇరవై రెండు నిమిషాల ఎత్తు

మూడో మలుపు దగ్గర బ్యాంకు ఆఫీసరు మళ్లీ సైకిలు దిగింది. ఆమె వెనకే భర్త, ఇద్దరు పిల్లలు దిగారు. టైము పదకొండున్నర. కొండ మీది జలపాతానికి ఇంకా నాలుగు మలుపులున్నాయి. అన్నీ ఎత్తే.

దారి చూపిస్తూ ముందు వెళ్తున్న బెల్లు అమ్మ ఆగింది. చివర వస్తున్న బెల్లు కూడా ఆగింది. బెల్లు ఆరో తరగతి. సైకిలెక్కితే గంట కొట్టకుండా ఉండలేదు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు.

ఆఫీసరు ఫోను తీసి ఓ వీడియో చూపించింది. "ఇందులో ఈ ఎత్తు ఎక్కడుందమ్మా?"

అది నలభై సెకన్ల వీడియో. చెట్ల మధ్య నుంచి సైకిళ్లు జారుతూ దిగుతున్నాయి. ఎవరూ పెడలు తొక్కడం లేదు. అమ్మ దాన్ని చూడడం అదే మొదటిసారి. చూశాక బెల్లు వైపు తిరిగింది. సైకిళ్లను వెనక్కి తిప్పించింది.

అమ్మ దగ్గర అద్దెకిచ్చే సైకిళ్లు ఆరున్నాయి. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లను వాటి మీద జలపాతం దాకా తీసుకెళ్తుంది. రెండు నెలలుగా ఆరూ ఒకేసారి బయటికెళ్లిన రోజు లేదు. నెలాఖరులోగా ఒక్కరోజైనా అలా వెళ్లకపోతే వాటిని అమ్మేసి, పట్నంలో పాత ఉద్యోగానికి పోతానంది. దానికి పొద్దున ఆరింటి బస్సెక్కాలి. తిరిగొచ్చేసరికి బెల్లు నిద్రపోయి ఉంటుంది. బెల్లుకు ఆ రోజులు గుర్తున్నాయి.

ఫోన్‌లో పేజీ పెడదామని బెల్లు చాలాసార్లు అడిగింది. అమ్మ ఒప్పుకోలేదు. హ్యాండిలు పట్టుకున్న చేతులతో మెసేజ్‌లకు జవాబెలా ఇస్తానంది. బొమ్మల షాపు ఆంటీని ఎవరో పేజీలో తిట్టిపోస్తే ఆవిడ వారం రోజులు షట్టరు తీయలేదని గుర్తుచేసింది. కెమెరా ముందు తనకు నోరు పెగలదని కూడా అంది. చివరికి తన పాత ఫోను ఇచ్చి, నువ్వే చూసుకో అని వదిలేసింది. బెల్లు చూసుకుంది. ఎత్తంతా కోసేసి దిగడం మాత్రం ఉంచింది.

ఆ సాయంత్రం పేజీలో ఆఫీసరు కామెంటు వచ్చింది. "వీడియోలో దిగడమే ఉంది. ఎక్కడం మాకు మిగిలింది."

బెల్లు దాన్ని తీసేయబోయింది. పక్కన చైన్లకు నూనె వేస్తున్న మెకానిక్ బాబాయి తొంగిచూసి చదివాడు.

"వెనక చక్రం దాచి సైకిలు అమ్మబోయావన్నమాట."

"అబద్ధమేం పెట్టలేదు బాబాయ్. దిగడం నిజమే కదా."

స్పానరు తిప్పుతున్న అమ్మ తలెత్తలేదు. "రెండో మలుపంతా ఆవిడ తన సైకిలుతో పాటు చిన్నవాడి సైకిలు కూడా తోసుకుంటూ నడిచింది బెల్లూ. ఆవిడ రాసినదాంట్లో తప్పేముంది?"

బెల్లు ఫోను పక్కన పెట్టింది. కామెంటు ఉండిపోయింది.

శనివారం బాబాయి ఆ ఫోనును ట్యూబు ముక్కతో బెల్లు సైకిలు హ్యాండిలుకు కట్టాడు. అమ్మ ముందు తొక్కింది. ఏడు మలుపులు, ఇరవై రెండు నిమిషాలు. నాలుగో మలుపులో అమ్మ రొప్పింది. ఐదో మలుపులో సైకిలు దిగి నీళ్లు తాగింది. ఫోను సంగతి మర్చిపోయి, "ఇక్కడ అందరూ దిగుతారు. నేనూ దిగుతాను" అంది.

బెల్లు ఒక్క సెకను కోయలేదు. పాట కలపలేదు. పాత వీడియో పక్కనే దాన్ని పెట్టింది. ఆఫీసరు కామెంటు కింద ఇలా రాసింది: "ఎత్తు కోసేసింది నేనే. మా అమ్మకు తెలీదు. సారీ ఆంటీ. ఇప్పుడు మొత్తం పెట్టాను."

ఇరవై రెండు నిమిషాలు ఎవడు చూస్తాడని క్లాసులో నవ్వారు. మూడో నిమిషంలో తనకు నిద్రొచ్చిందని పక్క బెంచీ అమ్మాయి చెప్పింది.

నాలుగో రోజు మెసేజ్ వచ్చింది. "మేం ఆరుగురం నర్సులం. మీ అమ్మగారు దిగిన మలుపులో దిగకుండా ఎక్కుతామని పందెం కాసుకున్నాం. ఆదివారం రావచ్చా?"

అది నెలలో చివరి ఆదివారం. ఆరు సైకిళ్లూ బయటికెళ్లాయి. అమ్మకు మిగల్లేదు. బాబాయి సైకిలు అడిగి తీసుకుంది. ఐదో మలుపులో నలుగురు నర్సులు దిగారు. ఇద్దరు దిగలేదు. జలపాతం దగ్గర గెలిచిన ఇద్దరికంటే ఓడిన నలుగురే ఎక్కువ గోల చేశారు.

అమ్మితే సైకిళ్లు కొంటానన్న షాపాయన అప్పుడే అమ్మకు ఫోను చేశాడు.

"సైకిళ్లు లేవండి," అంది అమ్మ, ఇంకా రొప్పుతూనే. "ఆరూ కొండ మీదున్నాయి. ఇక అమ్మను."

బెల్లు దగ్గరున్న ఫోన్లో కొత్త మెసేజ్ కనిపించింది. జారుతూ దిగే వీడియో బాగుందట. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారిని కూడా తీసుకురావచ్చా అని అడిగారు.

బెల్లు వెళ్లి అమ్మను అడిగింది. వచ్చి టైపు చేసింది. "ఆయన ఎక్కలేరండి. రెండో వీడియో కూడా ఉంది. అది మొత్తం చూసి, అప్పుడు చెప్పండి."

వెంటనే జవాబు రాలేదు. ఇరవై మూడు నిమిషాల తర్వాత వచ్చింది.

"చూశాం. నాన్న కింద ఉంటారు. మేం నలుగురం వస్తాం."